పెరటి పూల క్లోజప్ ఛాయాగ్రహణం: తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతం

పెరట్లోనో కుండీలోనో పూసిన పువ్వును బాగా దగ్గర నుంచి, దాని రేకుల ఈనెలు, కేసరాలు, పుప్పొడి స్పష్టంగా కనిపించేలా ఫోటో తీయడమే పూల క్లోజప్ ఛాయాగ్రహణం. కృష్ణా పశ్చిమ డెల్టాలోని మూడు పట్టణాలు, వాటి చుట్టుపక్కల పల్లెల్లో ఇళ్ల ముందు పూసే పూలను, అక్కడి వాతావరణాన్ని ఆధారంగా చేసుకుని ఈ విద్యను, దానిలో వచ్చే లోపాలను, వాటిని సరిదిద్దుకునే పద్ధతులను ఈ వ్యాసం వివరిస్తుంది. తెనాలి గుంటూరు జిల్లాలోనూ, బాపట్ల, రేపల్లె 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలోనూ ఉన్నాయి.

ఈ ప్రాంతంలో పూల ఫోటో బాగా రావాలంటే రెండు వేళలు కలవాలి: పువ్వు విచ్చుకునే వేళ, గాలి ఆగే వేళ. లెన్సులు, ట్రైపాడ్లు, ఫోన్లలోని కొత్త సదుపాయాలు ఆ కాసేపటిని చేజారనివ్వకుండా ఉండటానికి పనికొస్తాయి. వేళ తప్పితే ఖరీదైన పరికరం కూడా చేయగలిగింది తక్కువ.

నేల, గాలి, ఎండ

తెనాలి చుట్టూ ఉన్నది కాలువల కింద సాగయ్యే ఒండ్రు నేల. బాపట్ల వైపు ఇసుక పాలు ఎక్కువ. రేపల్లె దాటి నిజాంపట్నం వైపు వెళితే ఉప్పునేలలు, మడ అడవులు మొదలవుతాయి. పెరట్లో పెరిగే మొక్కలు మాత్రం మూడు చోట్లా దాదాపు ఒకటే: మందారం, నందివర్ధనం, గన్నేరు, మల్లె, సన్నజాజి, కనకాంబరం, బంతి, చామంతి, పారిజాతం, శంఖుపువ్వు, చంద్రకాంత, రాధామనోహరం. చలికాలంలో డిసెంబరాలు, గొబ్బెమ్మల వేళకు గుమ్మడిపూలు వీటికి తోడవుతాయి.

క్లోజప్ తీసేవారికి ఇక్కడ పెద్ద చిక్కు గాలి. పగలు నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది. నేల మీది గాలి పైకి లేస్తే ఆ ఖాళీలోకి సముద్రపు గాలి తోసుకొస్తుంది. సూర్యలంక తీరానికి సుమారు 9 కిలోమీటర్ల దూరంలోనే ఉన్న బాపట్లకు అది ముందుగా చేరుతుంది. లోపలికి ఉన్న తెనాలికి ఆలస్యంగా, కొంత బలం తగ్గి వస్తుంది. రాత్రి నేల చల్లబడ్డాక గాలి సద్దుమణుగుతుంది. అందుకే తెల్లవారిన తర్వాత మొదటి గంట, గంటన్నర క్లోజప్‌కు అన్నిటికంటే అనువైన సమయం.

రెండో చిక్కు నడినెత్తి ఎండ. మూడు పట్టణాలూ దాదాపు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నాయి. కాబట్టి మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి, రెండు వారాల మధ్య మరోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు. ఆ రోజుల్లో పాతిన గుంజకు కూడా నీడ ఉండదు. పై రేకులు తెల్లగా మండిపోయి, పువ్వు గొంతు చీకటిగా మిగులుతుంది. డిసెంబరు చివర్లో మధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 50 డిగ్రీల ఎత్తు దాటడు. ఏటవాలు వెలుగులో రేకుల ముడతలు, నూగు కనిపిస్తాయి. మే చివర్లో సుమారు ఐదున్నరకు, జనవరి మధ్యలో ఆరూ నలభైకి సూర్యోదయం కనుక, కెమెరాతో పెరట్లోకి దిగే వేళ కూడా కాలాన్ని బట్టి మారాలి.

పూర్వరంగం

ఫోటో పుట్టకముందే తెలుగు తీరపు పూలను దగ్గరగా చూసి నమోదు చేసిన పని ఒకటి జరిగింది. సామర్లకోటలో ఉంటూ మొక్కలను పరిశోధించిన విలియం రాక్స్‌బర్గ్ భారతీయ చిత్రకారుల చేత వాటి బొమ్మలు వేయించాడు. వాటిలో నుంచి ఎంపిక చేసిన 300 చిత్రాలు 1795–1820 మధ్య ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ పేరుతో మూడు సంపుటాలుగా లండన్‌లో వెలువడ్డాయి. కొమ్మను మొత్తంగా చూపి, పక్కనే పువ్వును విప్పి కేసరాలను, అండాశయాన్ని విడివిడిగా చూపడం ఆ చిత్రాల పద్ధతి. వివరణల్లో చాలా మొక్కలకు తెలుగు పేర్లు కూడా చేరాయి. ఒకే పువ్వును దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి మరోసారి చూపాలన్న ఆ క్రమం నేటి ఫోటోగ్రాఫర్‌కూ పనికొస్తుంది.

కెమెరా వచ్చాక ఈ రంగానికి దారి చూపినవారిలో జర్మనీకి చెందిన కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ (1865–1932) ముఖ్యుడు. స్వయంగా తయారు చేసుకున్న కెమెరాలతో మొగ్గలను, తీగలను, గింజలను అనేక రెట్లు పెంచి తీసిన ఆయన ఫోటోల పుస్తకం 1928లో వచ్చింది. బ్రిటన్‌లో పెర్సీ స్మిత్ 1910లో ‘ది బర్త్ ఆఫ్ ఎ ఫ్లవర్’ చిత్రంలో పూలు విచ్చుకునే తీరును కాలాన్ని కుదించి చూపాడు. 35 మిల్లీమీటర్ల కెమెరాలకు తొలి మాక్రో లెన్స్‌గా పేరుపొందిన మాక్రో-కిలార్ 1955లో బజారుకు వచ్చింది.

కొలతల లెక్క

క్లోజప్‌లో వచ్చే లోపాల్లో ఎక్కువ భాగం ఒక చిన్న లెక్క తెలియక వచ్చేవే. కెమెరా లోపలి సెన్సార్ మీద పడిన బొమ్మ ఎంత, అసలు పువ్వు ఎంత అన్న నిష్పత్తిని వృద్ధి అంటారు. ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ కొలత 36×24 మిల్లీమీటర్లు. పది సెంటీమీటర్ల మందారం అందులో నిండుగా పట్టాలంటే 1:4 వృద్ధి సరిపోతుంది. రెండున్నర సెంటీమీటర్ల మల్లెపువ్వుకు దాదాపు 1:1 కావాలి.

వృద్ధి పెరిగే కొద్దీ స్పష్టంగా కనిపించే మందం, అంటే డెప్త్ ఆఫ్ ఫీల్డ్, వేగంగా కరిగిపోతుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో అపెర్చర్‌ను, అంటే లెన్స్ లోపల వెలుగు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్/8 దగ్గర పెడితే 1:10 వృద్ధిలో సుమారు 5 సెంటీమీటర్ల మందం స్పష్టంగా వస్తుంది. 1:4లో అది దాదాపు 1 సెంటీమీటరు, 1:2లో 3 మిల్లీమీటర్లు, 1:1లో ఒక్క మిల్లీమీటరు. ‘పువ్వంతా ఫోకస్‌లోకి రావడం లేదు’ అనే సాధారణ ఫిర్యాదుకు కారణం లెన్స్ లోపం కాదు, ఈ లెక్కే.

అపెర్చర్‌ను బాగా మూసేస్తే డెప్త్ పెరిగే మాట నిజమే. కానీ 1:1 వృద్ధిలో అపెర్చర్ అసలు విలువ అంకెలో చూపిన దానికి రెండింతలవుతుంది. ఎఫ్/8 పెట్టినా ఎఫ్/16 లాగా పనిచేసి, వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. ఎఫ్/16 పెడితే ఎఫ్/32తో సమానం. అంత సన్నని రంధ్రం గుండా వచ్చిన కాంతి చెదిరి బొమ్మ మొత్తం మెత్తబడుతుంది. అందువల్ల పెరటి పూలకు ఎఫ్/8 నుంచి ఎఫ్/11 వరకు మధ్యేమార్గం.

ఇక్కడి నుంచి వచ్చే సూత్రం ఒకటే: పువ్వులో ఏ భాగం స్పష్టంగా ఉండాలో ముందే తేల్చుకుని, ఆ భాగానికి సెన్సార్‌ను సమాంతరంగా నిలపాలి. విచ్చుకున్న నందివర్ధనం బల్లపరుపుగా ఉంటుంది. కెమెరాను దానికి ఎదురుగా సమంగా పెడితే అయిదు రేకులూ ఒకేసారి స్పష్టమవుతాయి. కెమెరా కొద్దిగా వాలినా ఒకటి రెండు రేకులు మసకబారతాయి.

పరికరాలు

మాక్రో లెన్స్ సౌకర్యమైనది, కానీ తప్పనిసరి కాదు. ఉన్న లెన్స్‌కు, కెమెరాకు మధ్య అద్దాలు లేని గొట్టం, అంటే ఎక్స్‌టెన్షన్ ట్యూబ్, బిగిస్తే వృద్ధి పెరుగుతుంది. 50 మిల్లీమీటర్ల లెన్స్‌కు 25 మిల్లీమీటర్ల ట్యూబ్ కలిపితే, ఫోకస్ అనంతం మీద ఉన్నప్పుడే 1:2 వృద్ధి అందుతుంది. లెన్స్ ముందు బిగించే క్లోజప్ అద్దం మరో మార్గం. లెన్స్‌ను అనంతానికి ఫోకస్ చేసినప్పుడు ప్లస్ 2 అద్దంతో 50 సెంటీమీటర్ల దూరంలోని, ప్లస్ 4తో 25 సెంటీమీటర్ల దూరంలోని పువ్వు స్పష్టమవుతుంది.

పొడవైన ఫోకల్ లెంగ్త్, అంటే 90 నుంచి 105 మిల్లీమీటర్ల మాక్రో లెన్స్, వాడితే పువ్వుకు కాస్త ఎడంగా నిలబడవచ్చు. కెమెరా నీడ పువ్వు మీద పడదు, వాలిన తేనెటీగ బెదరదు. నేలకు దగ్గరగా ఉండే బంతి, బిళ్ళగన్నేరు లాంటి వాటికి పొడవాటి ట్రైపాడ్ కంటే ఇసుకో బియ్యమో నింపిన చిన్న గుడ్డసంచి మేలు. కూర్చోవడానికి ఒక పీట ఉంటే నడుముకు శ్రమ తప్పుతుంది, చేయి వణకదు. డెల్టా పెరళ్లలో తెల్లవారుజామున మొక్కల మొదళ్లలో పాములు ఉండే అవకాశం ఉంది కనుక పీట వేసేముందు చోటు చూసుకోవాలి.

ఫోన్ కెమెరా

ఇప్పుడు పూల ఫోటోల్లో ఎక్కువ భాగం ఫోన్లతో తీసేవే. ఫోన్ సెన్సార్ చిన్నది కాబట్టి పువ్వు ఫ్రేము నిండినా సెన్సార్ మీది వృద్ధి తక్కువే, డెప్త్ ఎక్కువ. ఇది వరమే, కానీ వెనకనున్న గోడ, దండెం, నీళ్ల డ్రమ్ము కూడా స్పష్టంగా కనిపించి పువ్వును మింగేస్తాయి. వెనకభాగం కనీసం ఒకటి రెండు మీటర్ల దూరంలో ఉండేలా పక్కకు జరగడమే దీనికి మందు.

రెండో లోపం మరీ దగ్గరకు వెళ్లడం. ప్రతి ఫోన్‌కూ అంతకంటే దగ్గరైతే ఫోకస్ కాని దూరం ఒకటి ఉంటుంది. అది దాటితే తెర మీద బాగున్నట్టు కనిపించిన ఫోటో పెద్దది చేసి చూసినప్పుడు మసకగా తేలుతుంది. కాస్త వెనక్కు జరిగి రెండింతల జూమ్‌తో తీయడం చాలాసార్లు మంచి ఫలితమిస్తుంది. 2021లో వచ్చిన ఐఫోన్ 13 ప్రో వంటి ఫోన్లలో అతి వెడల్పాటి (అల్ట్రా వైడ్) లెన్సే 2 సెంటీమీటర్ల దూరం వరకు ఫోకస్ చేస్తుంది. అంత దగ్గర ఫోన్ నీడే పువ్వును కప్పేస్తుంది కనుక వెలుగు పక్క నుంచి వచ్చేలా నిలబడాలి. తెర మీద పువ్వు మధ్యభాగాన్ని వేలితో కాసేపు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్, వెలుగు అక్కడే నిలిచిపోతాయి.

వెలుగును మలచడం

పల్చటి మబ్బు పట్టిన ఆషాఢ, శ్రావణ మాసాల ఉదయాలు పూలకు సహజమైన మెత్తని వెలుగునిస్తాయి. ఎండలో తీయక తప్పకపోతే పువ్వుకు, సూర్యుడికి మధ్య పల్చని తెల్ల పంచెనో ట్రేసింగ్ కాగితాన్నో చాపి పట్టుకోవాలి. బట్ట పువ్వుకు ఎంత దగ్గరగా ఉంటే వెలుగు అంత మెత్తనవుతుంది. నీడపడ్డ వైపు థర్మోకోల్ ముక్కను ఆనిస్తే గొంతులోని కేసరాలకు వెలుగు చేరుతుంది. మెరిసే స్టీలు పళ్లెం ఆ పనికి వాడితే వెలుగు మరకలుగా పడుతుంది.

పల్చని రేకులున్న పూలకు వెనక నుంచి వచ్చే వెలుగు అందం. పొద్దున్నే శంఖుపువ్వు, మందారం వెనక సూర్యుడు ఉండేలా చూస్తే రేకుల్లోని ఈనెలు బయటపడతాయి. లెన్స్ మీద నేరుగా ఎండ పడకుండా అరచేయి అడ్డుపెడితే సరిపోతుంది.

గాలిని తట్టుకోవడం

1:1 వృద్ధిలో పువ్వు ఎంత జరిగితే సెన్సార్ మీద బొమ్మ కూడా అంతే జరుగుతుంది. సెకనుకు ఒక సెంటీమీటరు వేగంతో, అంటే కంటికి కదలనట్టు ఊగే మల్లె కూడా సెకనులో వందో వంతు కాలంలో సెన్సార్ మీద 0.1 మిల్లీమీటరు జరిగి మసకబారుతుంది. స్పష్టత నిలవాలంటే నాలుగువందో వంతైనా కావాలి. అందుకే గాలి ఉన్నప్పుడు ఐఎస్ఓను, అంటే వెలుగుకు సెన్సార్ స్పందించే స్థాయిని, 800 లేదా 1600కు పెంచి షట్టర్ వేగం తెచ్చుకోవడం తప్పు కాదు. కొద్దిపాటి గ్రెయిన్‌ను తర్వాత తగ్గించవచ్చు, కదలికను మాత్రం సరిచేయలేం.

గాలివాటుకు అడ్డంగా గొడుగో తాటాకు తడికో నిలపడం, కాడను పుల్లకు బట్టల క్లిప్పుతో ఆనించడం అందరికీ అందుబాటులో ఉండే ఉపాయాలు. గాలి విసురుకూ విసురుకూ మధ్య ఒక చిన్న విరామం వస్తుంది. పువ్వు ఊగి మళ్లీ మొదటి చోటికి వచ్చి ఆగే ఆ క్షణం కోసం కాచుకుని, వెంటవెంటనే నాలుగైదు ఫోటోలు తీస్తే ఒకటైనా నిలుస్తుంది.

రంగు తప్పకుండా

కెమెరా తాను చూసిన దృశ్యాన్ని మధ్యరకం బూడిద వెలుగుగా భావించి కొలుస్తుంది. ఫ్రేము నిండా మల్లెలో నందివర్ధనాలో ఉంటే ఆ తెలుపును బూడిదగా మారుస్తుంది. అప్పుడు ఎక్స్‌పోజర్‌ను ప్లస్ 1 వరకు పెంచాలి. చీకటి ఆకుల నడుమ ఒక్క తెల్లపువ్వు ఉంటే దీనికి ఎదురు జరుగుతుంది, రేకులు పాలిపోయి గీతలు మాయమవుతాయి. అప్పుడు మైనస్ వైపు తగ్గించాలి.

ఎర్ర మందారంతో వచ్చే ఇబ్బంది వేరు. ఎరుపు మాత్రమే మితిమీరి రేకంతా ముద్దగా కనిపిస్తుంది, మొత్తం వెలుగు చూపే హిస్టోగ్రామ్‌లో ఆ సంగతి తెలియకపోవచ్చు. మూడు రంగుల హిస్టోగ్రామ్‌లో ఎరుపు గీత కుడి అంచుకు గుద్దుకోకుండా చూడాలి. కొన్ని నీలి పూలు కంటికి అంతగా ఆనని దూరపు ఎరుపు కాంతిని కూడా వెనక్కి పంపుతాయి. ఫిల్మ్ కాలంలో అవి గులాబీ రంగుకు తిరిగేవి. రా ఫార్మాట్‌లో తీసి, తోటలోనే పువ్వు పక్కన ఒక తెల్లకాగితాన్ని పెట్టి మరో ఫోటో తీసుకుంటే తర్వాత రంగు సరిచూసుకోవచ్చు.

పువ్వు పువ్వుకూ ఒక పద్ధతి

మందారం ఒక్కరోజు పువ్వు. పొద్దున విచ్చి సాయంత్రానికి ముడుచుకుంటుంది. దాని కేసరాల గొట్టం ముందుకు పొడుచుకు వస్తుంది, కొసన కీలాగ్రం అయిదు చీలికలుగా ఉంటుంది. ఎదురుగా తీస్తే 1:4 వృద్ధిలో దొరికే సెంటీమీటరు డెప్త్ దానికి సరిపోదు. పక్క నుంచి తీస్తే గొట్టమంతా సెన్సార్‌కు సమాంతరమై కొస నుంచి మొదలు వరకు స్పష్టమవుతుంది. ఎదురుగానే కావాలంటే కీలాగ్రం మీద ఫోకస్ చేసి రేకులను మెత్తగా వదిలేయాలి.

పారిజాతం రాత్రి విచ్చి తెల్లవారేసరికి నేల రాలుతుంది. రాలిన పూలన్నీ వెల్లకిలా ఉంటే నారింజ రంగు కాడ దాగిపోతుంది కనుక, బోర్లా పడిన పువ్వు ఒకటైనా ఫ్రేములో ఉండాలి. మల్లె సాయంత్రం విచ్చుతుంది. పొద్దుగుంకే ముందరి అరగంటలో విచ్చీ విచ్చని మొగ్గ దొరుకుతుంది. మొగ్గలు కోసుకునే ఇళ్లలో ఒక రెమ్మను విడిచిపెట్టమని ముందే అడగాలి. చంద్రకాంత సాయంత్రం నాలుగు ప్రాంతంలో తెరుచుకుంటుంది. బాపట్ల వైపు అది సముద్రపు గాలి ఉండే సమయం కనుక తడిక తప్పదు.

రాధామనోహరం తెల్లగా విచ్చి, మర్నాటికి గులాబీగా, ఆపై ఎర్రగా మారుతుంది. ఒకే గుత్తిలో మూడు రంగులూ ఉన్నప్పుడు తీస్తే పువ్వు వయసు ఒక్క ఫోటోలో చెప్పవచ్చు. బంతి, చామంతి నిజానికి ఒక్కో పువ్వు కాదు, వందలాది చిన్న పూల గుంపులు. నాటు రకాల్లో అంచు పూలు, నడిమి గొట్టపు పూలు విడిగా కనిపిస్తాయి. ఆ తేడా చూపడానికి నడిమి బొడ్డు మీద 1:1 వృద్ధి వాడాలి. కాగితంపూలలో రంగురంగుల భాగం రేకు కాదు, ఆకులోంచి మారిన పుష్పపత్రం. అసలు పువ్వు మధ్యలోని సన్నని గొట్టం, ఫోకస్ అక్కడ ఉండాలి. గుమ్మడిలో ఆడపువ్వును గుర్తుపట్టేది రేకుల కింద ఉన్న చిన్న పిందెతో. పై నుంచి తీసిన ఫోటోలో ఆ ఆనవాలు రాదు, పక్క నుంచి తీయాలి.

చదువుకు, పరిశోధనకు

అందం కోసం తీసిన ఫోటోకూ, గుర్తింపు కోసం తీసిన ఫోటోకూ లక్ష్యం వేరు. గుర్తింపు ఫోటోల అవసరం పంటల పరిశోధన జరిగే బాపట్లలో బాగా తెలుస్తుంది. ఇక్కడి వ్యవసాయ కళాశాల 1945లో మొదలైంది. సాంబ మసూరిగా పేరొందిన బీపీటీ 5204 వరి రకం బాపట్ల నుంచే 1986లో విడుదలైంది. జీడిమామిడిలో బీపీపీ పేరున్న రకాలు కూడా ఇక్కడి పరిశోధన కేంద్రంలో రూపొందాయి. ఇలాంటి పంటల పూలు మందారంలా కంటికి ఎదురుపడవు. వరిపువ్వు కొద్ది మిల్లీమీటర్ల కంకిగింజ. ఎండ ఎక్కుతున్న వేళ కొంతసేపు తెరుచుకుని ఆరు కేసరాలు బయటకు వేలాడదీసి మళ్లీ మూసుకుంటుంది. రేపల్లె వైపు మడచెట్టు పసుపు పూలు కూడా అంతే చిన్నవి. ఇలాంటి ఫోటోల్లో పక్కన ఒక స్కేలు, ఆకు అమరిక, పువ్వు వెనకవైపు, తీసిన తేదీ, చోటు నమోదు కావాలి. కొమ్మ మొత్తం, పువ్వు ముఖం, పక్కభాగం, కేసరాలు అనే నాలుగు ఫోటోల వరుస ఉంటే మొక్కను గుర్తించేవారికి పని సులువవుతుంది.

ఫోకస్ స్టాకింగ్, దిద్దుబాటు

డెప్త్ చాలనప్పుడు ఫోకస్‌ను కొద్దికొద్దిగా ముందుకు జరుపుతూ పదో ఇరవయ్యో ఫోటోలు తీసి, స్పష్టమైన భాగాలను కంప్యూటర్లో ఒకటిగా కలపడాన్ని ఫోకస్ స్టాకింగ్ అంటారు. పువ్వు అసలు కదలకూడదు కనుక ఆరుబయట గాలి ఆగిన వేకువన, లేదా గదిలో గాజుగ్లాసులో నిలిపిన రెమ్మకు మాత్రమే ఇది కుదురుతుంది. దిద్దుబాటులో ముందు ఫ్రేము కత్తిరింపు, ఆ తర్వాత తెలుపు సవరణ, చివర్లో పదును అన్న వరుస మంచిది. పదును, రంగుల గాఢత అతిగా పెంచితే కనకాంబరం ప్లాస్టిక్ పువ్వులా తేలుతుంది. రేకుల మీద నీళ్లు చల్లి మంచుబిందువులుగా చూపే అలవాటు అలంకారానికి సరే, నమోదు కోసం తీసే ఫోటోలో ఆ సంగతి రాసి ఉంచాలి.

కెమెరా సంరక్షణ

తీరప్రాంతపు తేమ లెన్సుల్లో బూజు పట్టిస్తుంది, ఉప్పుగాలి లోహపు భాగాలను తినేస్తుంది. వాడకం అయ్యాక మెత్తని బట్టతో తుడిచి, సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో ఉంచాలి. ఏసీ గదిలోంచి ఒక్కసారిగా పెరట్లోకి తెస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది. సంచి మూసి ఉంచే బయటపెట్టి, సుమారు ఇరవై నిమిషాలు ఆగాక తెరవాలి.

లెన్స్ మార్చాలనుకునేవారు ముందుగా ఇంటి ముందున్న ఒక్క మొక్కను పదిహేను రోజులు, రోజూ అదే వేళకు తీసి చూడటం మంచిది. ఏ లోపం గాలిది, ఏది ఎండది, ఏది ఫోకస్‌ది అన్నది ఆ పదిహేను ఫోటోలే చెబుతాయి. మందారం ఆయుష్షు ఒక్కరోజే అయినా చెట్టు ఏడాది పొడవునా పూస్తూనే ఉంటుంది.